మంగళగిరి కొండలో అగ్నిపర్వతం లేదు

మంగళగిరి కొండ గుహలో, పోసిన పానకం తాగుతాడని చెప్పే నరసింహుడు పానకాల స్వామి. ఆయన గురించి ఏ యూట్యూబ్ వీడియో పెట్టినా రెండో నిమిషానికల్లా అగ్నిపర్వతం వచ్చి కూర్చుంటుంది. ఈ కొండ ఒకప్పుడు అగ్నిపర్వతమట, లోపల గంధకం ఉందట, బెల్లం నీళ్లు పోస్తుంటే ఆ గంధకం విరిగిపోయి కొండ పేలకుండా ఉంటుందట. మన పెద్దవాళ్లకు ఎంత సైన్సు తెలుసో చూశారా అని ముక్తాయింపు. విజయవాడ బస్సులోనూ ఇదే మాట, గుంటూరు కాలేజీ కుర్రాళ్ల వాట్సాప్‌లోనూ ఇదే మాట.

నా పేచీ భక్తితో కాదు, ఈ సైన్సుతోనే. ఇది శాస్త్రమూ కాదు, పురాణమూ కాదు. అయినా మధ్యలో దూరి ఆ రెంటి చోటూ ఆక్రమించింది. ఇది వచ్చాక ఈ కొండ స్థలపురాణంలోని నముచి ఎవరో, హ్రస్వశృంగి ఎవరో అడిగేవాళ్లే తగ్గిపోయారు.

ముందు రాయి సంగతి చూద్దాం. ఇంద్రకీలాద్రి, మొగల్రాజపురం కొండలు, కృష్ణ ఇవతల ఉండవల్లి, మంగళగిరి, అటు కొండపల్లి, ఇటు కొండవీడు, ఇవన్నీ తూర్పు కనుమల తెగిపోయిన తునకలు. వీటిలో ఉండేది ఖొండలైట్, చార్నకైట్ జాతి రాయి. భూమి లోపల చాలా లోతున విపరీతమైన వేడికీ ఒత్తిడికీ రూపం మారి, పైనున్న పొరలన్నీ కోట్ల ఏళ్లపాటు అరిగిపోయాక బయటపడిన రూపాంతర శిలలివి. వయసు వంద కోట్ల ఏళ్ల పైమాటే. ఒడిశా ఖోండు గిరిజనుల పేరు మీద ఖొండలైట్ అన్నారు. సింహాచలం కొండా ఈ కుటుంబమే. అగ్నిపర్వతం కక్కిన లావా ఇలా ఉండదు.

లావా రాయి ఆంధ్రాలోనే చూడాలనుకుంటే కొవ్వూరు అవతల పంగిడి, గౌరీపట్నం క్వారీలకు వెళ్లాలి. అక్కడిది నికార్సైన బసాల్టు, ఆరున్నర కోట్ల ఏళ్లనాటి దక్కన్ లావా ప్రవాహాల ముక్క. నల్లగా, సన్నటి రవ్వతో, గట్టిగా ఉంటుంది. రోడ్ల కంకర కొట్టేది దాన్నే.

ఖొండలైట్ స్వభావం వేరు. అందులో గోమేదికం జాతి గార్నెట్ గింజలు, గ్రాఫైటు, ఫెల్డ్‌స్పార్ ఉంటాయి. వానకూ ఎండకూ ఫెల్డ్‌స్పార్ మెత్తబడి తెల్లటి సుద్దలా మారుతుంది. రాయి పొరలు పొరలుగా ఉంటుంది కాబట్టి ఆ పొరల్లోకి నీళ్లు దిగుతాయి, పగుళ్లు పెరుగుతాయి, బండలు జారతాయి. 2020 దసరాల్లో మూలా నక్షత్రం రోజున దుర్గమ్మ కొండచరియలు విరిగిపడింది అందుకే. ఇంద్రకీలాద్రికి ఇనుప వలలు కడుతున్నప్పుడు అది అగ్నిపర్వతమని ఎవరూ అనలేదు, వానకు నానిన రాయి అనే అన్నారు. కృష్ణ మీది వారధి దాటి పది కిలోమీటర్లు వచ్చేసరికి ఆ తెలివి ఎక్కడ జారిపోతుందో.

ఇక గంధకం. కొండలో నిజంగా గంధకపు ఆవిరి ఉంటే దాన్ని ముందు పట్టేది ముక్కు. కుళ్లిన గుడ్ల వాసన. పానకాల స్వామి సన్నిధిలో వచ్చేది తడి బెల్లం వాసన, కర్పూరం, తులసి. రెండో సాక్షి ఇత్తడి. గంధకపు ఆవిరి తగిలితే ఇత్తడి, రాగి, వెండి రోజుల్లో నల్లబడతాయి. ఇక్కడ బిందెలు, శంఖపు తొడుగులు, దీపపు కుందులు తోమినవి తోమినట్టే ఉంటాయి. మూడోది, చక్కెర నీళ్లకూ గంధకానికీ ఏ లావాదేవీ లేదు. గంధకం నీళ్లలో కరగదు, బెల్లంతో కలిసి ఇంకో పదార్థంగా మారదు. అయినా నిజమైన అగ్నిపర్వతమంటే కింద కిలోమీటర్ల లోతున ఏడెనిమిది వందల డిగ్రీలకు తగ్గని వేడిలో కరిగిన రాయి. దాన్ని రోజుకు కొన్ని బిందెల పానకం చల్లబరుస్తుందంటే, పొగిడినట్టే ఉంటుంది గానీ పెద్దవాళ్లను వెక్కిరించడమే.

మరి గుటకల చప్పుడు? అది నిజం. ఎవరైనా వినొచ్చు. స్వామికి ఇక్కడ విగ్రహం లేదు, గుహలో రాతికి తెరిచిన నోరు ఒక్కటే ఉంది. వెడల్పు సుమారు 15 సెంటీమీటర్లు, జానెడుకు తక్కువ. దాని చుట్టూ లోహపు ముఖం తొడిగారు. అర్చకులు శంఖంతో పానకం పోస్తుంటే లోపలి నుంచి గుటక వేసినట్టు చప్పుడు వస్తుంది. కాసేపటికి చప్పుడు ఆగుతుంది, పానకం నోటి దాకా వచ్చి పైకి పొంగుతుంది. స్వామికి చాలని లెక్క. మిగతా సగం ప్రసాదంగా మీకు ఇచ్చేస్తారు.

ఇరుకు మెడ ఉన్న చెంబును నీళ్లలో ముంచితే బుడబుడమంటుంది కదా, అదే సూత్రం. ద్రవం లోపలికి దిగాలంటే అక్కడున్న గాలి బయటికి రావాలి. దారి ఒక్కటే, అదీ ఇరుకు. అందుకని రెండూ వంతులు వేసుకుంటాయి. ఆ వంతులే గుటకలు. లోపలి ఖాళీ నిండేకొద్దీ గాలి తగ్గుతుంది, చప్పుడు సన్నబడి ఆగుతుంది. ధార ఒక్కసారిగా కుమ్మరిస్తే గాలికి దారి మూసుకుపోయి పానకం వెంటనే పైకి తన్నేస్తుంది. శంఖంతో కొంచెం కొంచెంగా పోయడంలో ఆచారమూ ఉంది, చేతి ఒడుపూ ఉంది. ఈ వివరణతో స్వామి మహిమ తగ్గిపోతుందని భయపడే పని లేదు. చప్పుడు ఎలా వస్తుందన్నది ఒక ప్రశ్న, అక్కడే ఎందుకు నోరు తెరిచాడన్నది ఇంకో ప్రశ్న. మొదటిదానికి గాలి జవాబు చెబుతుంది, రెండోదానికి స్థలపురాణం.

ఆ పురాణం చాలా గట్టిది. నముచి అనే రాక్షసుడు తపస్సు చేసి, తడిదానితో గానీ పొడిదానితో గానీ చావు లేకుండా వరం పొందాడు. ఇంద్రుడి వల్ల కాలేదు. అప్పుడు సుదర్శన చక్రాన్ని నురుగులో ముంచి పంపారు. నురుగు తడీ కాదు, పొడీ కాదు. నముచి సూక్ష్మరూపంలో ఈ కొండ గుహలోకి దూరి దాక్కున్నాడు. నరసింహుడు చక్రం అంచున నిలిచి తన ఊపిరి మంటతో వాణ్ణి ముగించాడు. ఆ ఉగ్రం చల్లారడానికి దేవతలు అమృతం ఇచ్చారు. సగమే తాగి, ఇక చాలన్నాడు. కృతయుగంలో అమృతం, త్రేతాయుగంలో నెయ్యి, ద్వాపరంలో పాలు, కలియుగంలో పానకంతో తృప్తి పడతానన్నాడు.

నముచి ఊరికే ఎక్కడినుంచో ఊడిపడలేదు. ఋగ్వేదం ఎనిమిదో మండలంలో, 14వ సూక్తం 13వ ఋక్కులో, ఇంద్రుడు నీటి నురుగుతో నముచి తల తీసేశాడని ఉంది. భారతం శల్యపర్వంలో అదే కథ ఇంకొంచెం పెద్దది. పగలు గానీ రాత్రి గానీ, తడితో గానీ పొడితో గానీ చంపనని ఇంద్రుడు ఒప్పందం చేసుకుని, మంచు కమ్మినప్పుడు నురుగుతో చంపుతాడు. ఇప్పుడు హిరణ్యకశిపుణ్ణి పక్కన పెట్టి చూడండి. పగలూ కాదు రాత్రీ కాదు, లోపలా కాదు బయటా కాదు, మనిషీ కాదు మృగమూ కాదు. ఒకే అచ్చు. మంగళగిరి కథ అల్లినవాళ్లు నరసింహుడికి జోడీగా రాక్షసుణ్ణి వెతికి, వేదంలో అలాంటి సందు చావు ఎవరిదో పట్టుకుని, ఇంద్రుడి చేతిలో నుంచి ఆ నురుగు తీసి విష్ణుచక్రానికి పూశారు. చదువుకున్నవాళ్లు చేసిన పని ఇది. అగ్నిపర్వతం కథ చెప్పేవాడికి ఇందులో ఒక్క ముక్క అక్కర్లేదు, పానకం ఒక్కటి చాలు.

వేడి ఎక్కడుందో కూడా పురాణమే చెప్పింది. కొండలో కాదు, స్వామిలో. నరసింహుడు ఎక్కడున్నా చల్లబరచాల్సిందే. సింహాచలంలో ఏడాది పొడుగునా చందనం కప్పి, అక్షయ తృతీయ ఒక్క రోజే నిజరూపం చూపిస్తారు. అక్కడ చందనం, ఇక్కడ పానకం. శ్రీరామనవమికి మండే ఎండలో మన ఇళ్లల్లో కలిపేదీ ఇదే, కారణమూ ఇదే. చందనం పూస్తున్నారు గనక సింహాచలం అగ్నిపర్వతమని ఇంకా ఎవరూ అనలేదు. అనకముందే ఇది రాసి పెడుతున్నాను.

యుగాల వరసలో ఇంకో ముచ్చటుంది. అమృతం దేవతల దగ్గర తప్ప దొరకదు. నెయ్యికి యజ్ఞాలు చేసే ఇల్లు కావాలి. పాలకు పాడి ఉండాలి. బెల్లానికి ఏమీ అక్కర్లేదు, కొట్టుకు వెళ్తే చాలు. యుగం దిగేకొద్దీ నైవేద్యం ఖరీదు కూడా దిగింది.

పానకం మీద వివాదాలు పెట్టుకునేముందు అది సరిగ్గా కలపడం రావాలి. ఇంట్లో అయితే లీటరు నీళ్లకు 200 గ్రాముల బెల్లం, పది పన్నెండు మిరియాలు, నాలుగు యాలకులు, పావు చెంచా శొంఠిపొడి. బెల్లం దంచి చల్లటి నీళ్లలో అరగంట వదిలేయాలి. తొందరపడి పొయ్యి మీద పెడితే పచ్చి రుచి పోయి పలచటి పాకంలా తయారవుతుంది. కరిగాక పలచటి గుడ్డతో వడకట్టాలి, ఇది మానకూడదు. బెల్లంలో ఇసుక, చెరకు పీచు ఉంటాయి, గ్లాసు అడుగుకు వచ్చాకే తెలుస్తాయి. మిరియాలు మెత్తగా పొడి కొట్టకూడదు. ఆ పొడి పైన తేలి మొదటి గుక్కకే గొంతు పట్టేస్తుంది. కచ్చాపచ్చాగా దంచితే ఘాటు నీళ్లలోకి దిగి, గింజ అడుగున ఉండిపోతుంది. యాలకులు చివర్లో వేయాలి, ముందు వేస్తే వాసన ఎగిరిపోతుంది. పచ్చకర్పూరం వేసేవాళ్లు ఆవగింజంత దాటితే పానకం మందులా తయారవుతుంది.

బెల్లం రంగు చూసి కొనేవాళ్లకు ఒక మాట. పసుపు పచ్చగా, మిలమిలలాడే బెల్లం చాలాసార్లు హైడ్రోస్ వేసి తెల్లబరిచినది. హైడ్రోస్ అంటే సోడియం హైడ్రోసల్ఫైట్, అందులో గంధకం ఉంది. అంటే మంగళగిరిలో గంధకం ఎక్కడైనా ఉంటే అది కొండలో కాదు, బిందెలో ఉండే వీలుంది. ముదురు గోధుమ రంగు ముద్ద, విరిస్తే కొంచెం మెత్తగా, చేతికి అంటుకునేది తీసుకోండి.

ప్రసాదంగా వచ్చిన సగం పానకం విషయంలో జనం ఎక్కువగా పాడుచేసుకునేది మూత దగ్గర. ప్లాస్టిక్ సీసాలో నిండా పోసి బిర్రుగా మూసి, మే నెల ఎండలో బస్సెక్కిస్తారు. చక్కెర ఉంది, వేడి ఉంది, గాలిలో ఈస్టు ఉంది, ఇక పులవక ఏం చేస్తుంది? కొన్ని గంటల్లో నురుగు కడుతుంది, సీసా ఉబ్బుతుంది, మూత తీయగానే పక్కవాళ్ల మీద చిమ్ముతుంది. ముప్పాతిక దాకే పోయండి, మూత వదులుగా ఉంచండి, సాయంత్రంలోగా తాగేయండి. స్టీలు క్యాను అన్నిటికన్నా మేలు.

కొండకు వెళ్లే వరస చాలామంది తలకిందులు చేస్తారు. మంగళగిరిలో నరసింహస్వామి మూడు చోట్ల ఉన్నాడు. కింద ఊళ్లో లక్ష్మీనరసింహస్వామి, ధర్మరాజు ప్రతిష్ఠ అని చెబుతారు. కొండ మధ్యలో పానకాల స్వామి. కొండ నెత్తిన గండాలయ స్వామి, అక్కడ విగ్రహం ఉండదు, దీపమే దేవుడు. గండంలో ఉన్నవాళ్లు మొక్కుకుని ఆవునెయ్యో నూనో పోస్తారు. దర్శనం మొదలుపెట్టాల్సింది మధ్యలో ఉన్న పానకాల స్వామితో. ఆ గుడి మధ్యాహ్నం మూడు గంటల ప్రాంతానికి మూసేస్తారు, సాయంత్రం తెరవరు. రాత్రిపూట దేవతలు, ఋషులు వచ్చి పూజ చేసుకుంటారని నమ్మకం. ఇది తెలియక విజయవాడలో మధ్యాహ్నం భోంచేసి బయల్దేరి, మెట్ల దగ్గరి నుంచే వెనక్కి తిరిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. కింద గుడి సాయంత్రం మళ్లీ తెరుస్తారు, దాన్ని ఆఖరుకు ఉంచుకోవచ్చు.

విజయవాడ నుంచి గుంటూరు వెళ్లే ఆర్టీసీ బస్సెక్కితే మంగళగిరి పన్నెండు పదమూడు కిలోమీటర్లు, గుంటూరు వైపు నుంచి ఇరవై. రైలు కూడా ఉంది. కారుంటే ఘాట్ రోడ్డు మీద పానకాల స్వామి గుడి దాకా పోవచ్చు. కానీ మెట్లు ఎక్కితేనే కొన్ని కంటపడతాయి. ఈ మెట్లు చన్నాప్రగడ బలరామదాసు 1890లో కట్టించారు. దారిలో ఒక పక్క కృష్ణదేవరాయల కాలపు శాసనం. 1515లో కొండవీడు గజపతుల చేతిలోంచి రాయల చేతికి వచ్చింది, ఆ గెలుపు సంగతులు ఈ కొండ రాళ్లకూ ఎక్కాయి. ఇంకో పక్క చైతన్య మహాప్రభువు పాదముద్రలు. ఆయన 1512లో దక్షిణ యాత్రలో వచ్చారని చెబుతారు.

వేసవిలో తొమ్మిది దాటకుండా పైకి చేరాలి. చెప్పుల్లేని కాళ్లకు పది గంటల తర్వాత రాతి మెట్టు పెనం. దిగేటప్పుడు కాలు కాలుతుందని పరుగు తీసి పడేవాళ్లే ఎక్కువ, కాబట్టి నీడ ఉన్న అంచు పట్టుకుని నిదానంగా దిగాలి. గర్భగుడి ముందు నేల పానకంతో, కడిగిన నీళ్లతో ఎప్పుడూ తడిగా ఉంటుంది, జిగటగానూ ఉంటుంది. ముసలివాళ్ల చెయ్యి పట్టుకోవాల్సింది మెట్ల మీద కన్నా ఇక్కడే. కోతులకు బెల్లం వాసన బాగా తెలుసు, కొబ్బరికాయ కవరు చేతిలో వేలాడేసుకుని నడవకండి. ఫాల్గుణ శుద్ధ చతుర్దశి కల్యాణం, పౌర్ణమి రథోత్సవం. పానకం ప్రశాంతంగా పోయించుకోవాలంటే ఆ రెండు రోజులు వద్దు, తిరునాళ్ల చూడాలంటే ఆ రెండే రోజులు.

దూరం నుంచి చూస్తే కొండ పడుకున్న ఏనుగులా ఉంటుంది. దీనికీ కథ ఉంది, నాకు నముచి కథ కన్నా ఇదే పెద్దదనిపిస్తుంది. పారియాత్రుడనే రాజుకు హ్రస్వశృంగి అనే కొడుకు. పుట్టుకతోనే శరీరంలో లోపాలు. బాగుపడాలని తీర్థాలన్నీ తిరిగి, చివరికి ఇక్కడికి వచ్చి మూడేళ్లు ఉన్నాడు. దేవతలు ఇక్కడే ఉండి తపస్సు చేయమన్నారు. తండ్రి పరివారంతో వచ్చి ఇంటికి పోదాం రమ్మన్నాడు. కొడుకు వెళ్లలేదు. ఏనుగు రూపంలో కొండగా మారి, విష్ణువుకు కూర్చునే చోటయ్యాడు. శరీరం బాగుపడిందని ఎక్కడా లేదు, గమనించండి. తీర్థాల కథల్లో మునిగి లేచేసరికి అందరి రోగాలూ పోతాయి. ఈ కుర్రాడికి పోలేదు. ఆ ఒంటినే స్వామి ఇల్లు చేసుకున్నాడు. మనం ఎక్కుతున్నది ఆ పిల్లవాడి వీపు మీదనే అని పిల్లలకు చెప్పొచ్చు కదా, లావా అని చెప్పే బదులు.

కొండ మీది గుహలోంచి ఉండవల్లి దాకా సొరంగం ఉందని, ఋషులు అటు వెళ్లి కృష్ణలో స్నానం చేసి వచ్చేవారని ఇంకో మాట. మధ్యలో కిలోమీటర్ల కొద్దీ పల్లపు నేల, అడుగున ఏటి మట్టి, ఊటనీరు. అలాంటి చోట సొరంగం నిలవదు. మన ప్రతి కోటకూ గుడికీ ఒక సొరంగం ఉన్నట్టే దీనికీ ఉంది, అంతకన్నా పట్టించుకోనక్కర్లేదు.

కానీ గాలిగోపురం కథను అలా కొట్టిపారేయకూడదు. కింద గుడికి తూర్పున ఉన్న గోపురాన్ని అమరావతి జమీందారు రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు 1807 నుంచి 1809 మధ్య కట్టించాడు. 11 అంతస్తులు, 153 అడుగుల ఎత్తు, 49 అడుగుల వెడల్పు. (అమరావతి ఊరు కట్టేటప్పుడు బౌద్ధ స్తూపం దిబ్బను తవ్వించిందీ ఈయన మనుషులే. 1797లో బ్రిటిష్ సర్వేయరు కాలిన్ మెకంజీ వచ్చి చూసింది ఆ తవ్వకాలనే.) కట్టడం అయ్యాక గోపురం ఒక పక్కకు ఒరిగిందట. కాంచీపురం శిల్పుల్ని అడిగితే ఎదురు దిక్కున కోనేరు తవ్వమన్నారట. తవ్వితే గోపురం నిటారుగా లేచిందట.

వినగానే కట్టుకథ అనిపిస్తుంది. పీసా సంగతి తెలిసినవాళ్లు అలా అనరు. ఇటలీలో ఒరిగిన ఆ గోపురాన్ని 1990లో జనానికి మూసేసి, ఏళ్లపాటు బుర్రలు బద్దలుకొట్టుకుని, చివరికి చేసిన పని ఒరిగిన వైపుకు ఎదురు దిక్కున పునాది అడుగు నుంచి మట్టి లాగేయడం. ఆ పక్క నెమ్మదిగా దిగింది, గోపురం సుమారు అర డిగ్రీ వెనక్కి వచ్చింది. పై కొసన కొలిస్తే 40 సెంటీమీటర్ల పైమాటే. 2001 చివర్లో మళ్లీ తెరిచారు. మన దగ్గర అంతకు రెండు శతాబ్దాల ముందే సూత్రం అదే: ఎత్తుగా ఉన్న పక్కన మట్టి తీస్తే అటు నేల వదులై కుంగుతుంది.

నల్లరేగడి కలిసిన నేల మీద అంత బరువు పెడితే ఒరగడంలో వింత లేదు. బంకమట్టి లోపలి నీరు ఒత్తిడికి మెల్లగా బయటికి పోతుంది, ఆ పోవడం అన్ని పక్కలా ఒకేలా ఉండదు. అందుకే ఒరుగు ఒక్కోసారి కడుతుండగా కాక, కట్టేశాక నెలలకో ఏళ్లకో బయటపడుతుంది. కథ కూడా కట్టాకే ఒరిగిందంటోంది. 153 అడుగుల ఎత్తుకు ఒక్క డిగ్రీ ఒరిగినా పై కొస రెండున్నర అడుగులు పక్కకు జరుగుతుంది, ఆ మాత్రం తేడా వీధిలో నడిచేవాడికి కూడా కనబడుతుంది. అంటే ఇది పరీక్షకు నిలిచే కథ. గోపురం నాలుగు మూలల్లో పునాది మట్టాలు తీసి, అంతస్తుకొకసారి నిటారుతనం కొలిస్తే, కింది అంతస్తులు ఒక దిక్కుకు, పై అంతస్తులు కొంచెం వేరే దిక్కుకు ఉన్నాయా లేదా అన్నది తేలుతుంది. సగంలో సరిదిద్దుకుంటూ కట్టిన కట్టడాలు అలా వంపు తిరిగి ఉంటాయి, పూర్తయ్యాక సరిచేసినవి ఉండవు. ఒక టోటల్ స్టేషన్ (కోణాలు, దూరాలు కొలిచే సర్వే పరికరం), ఒక పూట పని, చుట్టూ ఇన్ని ఇంజినీరింగు కాలేజీలు. మంగళగిరి సైన్సు మీద వీడియో తీయాలనుకునేవాళ్లు ముందు కోనేరు ఏ దిక్కున ఉందో చూసుకుని, అక్కడ కొలతబద్ద పెట్టండి.